పెంటకుప్ప పక్క మట్టి

  

పట్టాలందుకున్న పిల్లలూ, కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేను చేసిన దొంగపని ఒకటి చెబుతాను. మే నెల. ఒక చల్క చేలో మట్టి నమూనా తీయాలి. చేనంతా వంకరటింకరగా తిరిగి, ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారపు గుంత తవ్వి, 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో మిగుల్చుకోవాలి. నేను వేపచెట్టు నీడలో, పెంటకుప్ప పక్కన, ఒక్క గుంతతో సంచి నింపేశాను. చేను మహా బలంగా ఉందని పరీక్షలో వచ్చింది. యూరియా తగ్గించమని రాసిచ్చాను. ఆగస్టుకల్లా మక్కచేను కింది ఆకులు పసుపెక్కాయి. రైతు తిట్టలేదు. "సారూ, మీరు పరీక్ష జేసింది నా పెంటకుప్పను, చేనును గాదు" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఆ చేను ఎక్కడినుంచి వచ్చింది? పక్కనున్న గుట్టలోంచే. మన గ్రానైటు గుట్టల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎండకీ చలికీ రాయి పగులుతుంది. పగుల్లోకి వాననీరు, దాని వెంట వేరు దిగుతాయి. ఫెల్డ్‌స్పార్ బంకమన్నవుతుంది, క్వార్ట్జ్ మొండిగా ఇసుకై మిగులుతుంది, ఇనుము తుప్పుపట్టి ఎర్రబడుతుంది. అదే చల్క. ఆదిలాబాద్ వైపు బసాల్టు రాయి ఇలాగే అరిగితే రేగడి: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. అంగుళం మట్టికి వందల ఏళ్లు. అంటే మీరు తవ్వే ఆ 15 సెంటీమీటర్లు వేల ఏళ్ల పని.

మట్టిలో నూటికి ఖనిజాలు 45 పాళ్లు, నీరు 25, గాలి 25, సేంద్రియ పదార్థం 5 అని పుస్తకంలో గుండ్రటి బొమ్మ చూసుంటారు. మన చల్కల్లో ఆ అయిదు ఒకటికి చేరితేనే గొప్ప. అంత పేదనేల గురించి పెంటకుప్ప పక్క మట్టి నాకు పచ్చి అబద్ధం చెప్పింది.

నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. మొన్న చేలో ఒక కుర్రాణ్ణి "పదునెలా ఉందిరా?" అంటే గట్టు మీద నిలబడి ఫోను తీశాడు. ఒరేయ్, గుప్పెడు తీసి ముద్ద కట్టి చూడరా!

మీ గౌన్ల ఇస్త్రీ చక్కగా ఉంది. ఫొటోలయ్యాక వాటిని విప్పేసి హాస్టలు వెనక పొలంలోకి రండి. నిలువెత్తు గుంత తవ్వించి ఉంచాను, దిగి చూద్దాం. వైస్ ఛాన్సలర్ గారూ, మీరు కూడా.