సముద్రపు సుడులు – కంటికానని పంట

(ప్లాటినం జూబిలీ విజ్ఞాన సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

పాఠశాల చరిత్రను నాకన్న పెద్దలు వివరించారు. నేను మన గంజాం తీరాన్ని ఆనుకొని ఉన్న సముద్రాన్ని గురించి మాట్లాడదలచాను. మన బడిలో జాలరి కుటుంబాల పిల్లలున్నారు. వారిలో ఒక బాలిక తరగతిలో ఇలా అడిగింది: "టీచరుగారూ, సముద్రం ఒక్కటే కదా! మా నాన్న వల ఒకనాడు నిండుతుంది, మరొకనాడు డీజిలు ఖర్చు కూడా రాదు. ఎందుకని?" ఆ ఇంటికి అది పాఠ్యపుస్తకపు ప్రశ్న కాదు, అప్పుకు, అన్నానికి సంబంధించిన ప్రశ్న.

నేలమీద గడ్డి ఎటువంటిదో, సముద్రంలో వృక్షప్లవకాలు అటువంటివి. ఇవి సూక్ష్మదర్శినిలో తప్ప విడివిడిగా కంటికానని ఏకకణ జీవులు. భూగోళంపై జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగం వీటి పనే. వీటిని జంతుప్లవకాలు తింటాయి, వాటిని చిన్న చేపలు, ఆ చిన్నవాటిని పెద్దవి. ఈ పైరుకు వెలుతురూ కావాలి, ఎరువూ కావాలి. ఎరువు అంటే నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, సిలికేట్లు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. వెలుతురు పైన ఉంటుంది, ఎరువు అడుగున ఉంటుంది. చనిపోయిన జీవులు క్రిందికి దిగి కుళ్లడం వల్ల పోషకాలు లోతులలో పోగుపడతాయి. నిర్మలమైన నీటిలో సైతం పంటకు చాలినంత వెలుతురు సుమారు 200 మీటర్లకు మించి దిగదు.

మన బంగాళాఖాతంలో ఈ ఎడబాటు మరీ ఎక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ ఇన్ని నదులు కలిసే సముద్రం సస్యశ్యామలంగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. వాస్తవానికి అరేబియా సముద్రంకన్న ఇది పేదది. నదులు తెచ్చిన పోషకాలలో చాలాభాగం తీరప్రాంతంలోనే ఖర్చయిపోతుంది. ఇక మంచినీరు తేలిక గనుక ఉప్పునీటిపై మూతవలె పరుచుకుంటుంది. గాలి ఎంత వీచినా ఆ మూతను ఛేదించి అడుగునీటిని పైకి తేవడం కష్టం. నదులు మన పొలాలకు అన్నపూర్ణలే గాని, నడి సముద్రానికి మాత్రం అడ్డుమూతలయినవి!

ఆ మూత క్రింద పనిచేసేవి సుడులు. పడవలను మ్రింగే సుడిగుండాలని భ్రమపడకండి. ఇవి వంద కిలోమీటర్లకు పైబడిన వెడల్పుతో, వారాల తరబడి, నెలల తరబడి నెమ్మదిగా తిరిగే నీటి చక్రాలు. మన ఉత్తరార్ధగోళంలో గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరిగే సుడిలో భూభ్రమణ ప్రభావం వల్ల నడిమి నీరు బయటికి జరుగుతుంది. ఉపరితలం కొన్ని సెంటీమీటర్లు క్రుంగుతుంది. దానికి బదులుగా అడుగునుండి చల్లని, పోషకభరితమైన నీరు గుమ్మటంవలె ఉబికి వెలుతురు పొరను చేరుతుంది. సాధారణంగా ముల్లు దిశలో తిరిగే సుడి దీనికి విరుద్ధంగా ఎరువును మరింత లోతుకు త్రోస్తుంది. ప్రక్కప్రక్కనే ఒకటి పొలం, ఒకటి బీడు!

తీరంలో అడుగునీరు పైకి వచ్చే తీరును 1950 దశకంలోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్ వాల్తేరు వద్ద పరిశీలించారు. నడి సముద్రం సంగతి తెలియడానికి ఇంకా కాలం పట్టింది. 2001 నైరుతి ఋతుపవన కాలంలో 'సాగర్ కన్య' నౌకపై సేకరించిన కొలతల ఆధారంగా, గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు చెందిన ప్రసన్నకుమార్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన వ్యాసం చల్లని సుడుల వద్ద ఉత్పాదకత పెరుగుతుందని చూపింది. అయితే మంచినీటి మూత వల్ల ఆ పంట తరచు ఉపరితలానికి క్రిందనే ఉండిపోతుంది. పై రంగును మాత్రమే చూసే ఉపగ్రహానికి అది పూర్తిగా చిక్కదు. నౌకలెక్కి నీరు తోడి పరీక్షించేవారి అవసరం అందుకే తీరలేదు.

మూతను బద్దలుకొట్టగలిగినది తుఫాను. 1999 అక్టోబరు పెనుతుఫాను, 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరందాటిన ఫైలిన్ మనలో ఎందరి ఇండ్లనో కూల్చాయి. ఆ రెండింటి తరువాత సముద్రంలో పత్రహరితం పెరిగినట్లు శాస్త్రజ్ఞులు గుర్తించారు. దీనిని తుఫానుకు ప్రశంసగా చెప్పడం లేదు. పంట పెరిగినంత మాత్రాన మేలేనని కూడా అనలేము. కుళ్లేది ఎక్కువైతే లోతులలో ప్రాణవాయువు హరించుకుపోతుంది. బంగాళాఖాతపు నడిమి లోతులలో అది ఇప్పటికే అత్యల్పం.

ఆ బాలిక ప్రశ్నకు సమాధానంలో కొంతభాగం ఇది. పోషకాలు పైకి రాగానే చేపలు రావు. ముందు ప్లవకాలు పెరగాలి, వాటిని తినేవి పెరగాలి. ఈలోగా సుడి కూడా జరిగిపోవచ్చు. ఎక్కువైన పడవలు, సన్నకన్నుల వలలు వేరే కథ, దానికి సుడులను నిందించలేము. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహాలు చూపే నీటి వేడిమిని, పత్రహరితాన్ని బట్టి చేపలు దొరకగల తావులను సూచిస్తూ ప్రాంతీయ భాషలలో ప్రకటనలు ఇస్తున్నది. ఇంట తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మన పిల్లలు ఆ ప్రకటనను తండ్రికి చదివి వినిపించి, దాని కారణాన్ని కూడా ఇంటిభాషలో చెప్పగలగాలి. తెలుగులో విజ్ఞానశాస్త్రం దేనికని అడిగే తల్లిదండ్రులకు నా దగ్గరున్న జవాబు ఇదే.

గోపాల్‌పూర్ ఒడ్డున మన పిల్లలు సన్నని గుడ్డతో వడగట్టి తెచ్చిన నీరు ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని క్రింద ఉన్నది. గాజుపెట్టెలవంటి డయాటమ్‌లు కనబడుతున్నాయి. సాయంత్రం అయిదు వరకు తలుపులు తెరిచే ఉంటాయి. ముందుగా అమ్మలు రండి, చూపించడానికి పిల్లలు అక్కడ సిద్ధంగా ఉన్నారు.