యంత్రం తెర మార్చే ముందు కార్మికుని అడగాలి

(సమాఖ్య శాఖా కార్యకర్తల శిక్షణ తరగతులలో ఒక రైల్వే వర్క్‌షాపు సీనియర్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)



యంత్రాలలో సాఫ్ట్‌వేర్ మార్పుల గురించి, వాటివలన అనుభవజ్ఞులైన కార్మికులు పడుతున్న ఇబ్బందుల గురించి మాట్లాడవలసిందిగా నన్ను కోరినారు. నేను పండితుడను కాను. ముప్పది ఏండ్లుగా లేత్ మీద పనిచేస్తున్న టర్నర్‌ను. కనుక మా షాపులో జరిగిన ఒక సంఘటనతోనే ఆరంభిస్తాను.

రైలుపెట్టెల చక్రాలను తిరిగి చెక్కే సి.ఎన్.సి. వీల్ లేత్ మా షాపులో ఉన్నది. పెట్టె చక్రం కొత్తదైనపుడు దాని వ్యాసం 915 మిల్లీమీటర్లు. పట్టాలపై తిరిగి తిరిగి దాని ముఖమూ, ఫ్లాంజీ అరిగిపోతాయి. అపుడు దానిని లేత్‌పై ఎక్కించి, పైపొర తీసి, సరియైన ఆకృతిని తిరిగి తెస్తాము. ప్రతి కోతతోనూ చక్రం కొంత చిన్నదవుతుంది. నిర్ణీత పరిమితి దాటినచో ఇక పనికిరాదు. కాబట్టి అవసరమైనంత మాత్రమే కోయడంలో టర్నర్ పనితనమంతా ఉన్నది. అంతేగాక ఒకే ఇరుసుకున్న రెండు చక్రాల వ్యాసాలలో తేడా అర మిల్లీమీటరు మించరాదు. ఒక చక్రంలో పొరపాటు జరిగితే ఆ శిక్ష జత చక్రానికి కూడా పడుతుందన్నమాట.

ఒక ఆదివారం నాడు కంపెనీ మనిషి వచ్చి ఆ యంత్రంలోని సాఫ్ట్‌వేరును మార్చి వెళ్ళినాడు. సోమవారం మొదటి షిఫ్టులో, ఇరవైయారేండ్ల అనుభవమున్న మా పెద్ద టర్నర్ యంత్రం ముందు నిలిచినారు. పాత తెరపై కోత గడిలో, వ్యాసంలో ఎంత తగ్గించాలో ఆ అంకె వేసేవాళ్ళము. కొత్త తెరపై అదే చోటనున్న గడి వ్యాసార్థపు లెక్కను అడుగుతున్నది. పక్కన చిన్న గుర్తు ఒకటి తప్ప ఆ సంగతి తెలిపేది మరేమీ లేదు. ఆయన ఎప్పటివలెనే 3 అని వేసినారు. యంత్రం వ్యాసార్థంలో 3, అనగా వ్యాసంలో 6 మిల్లీమీటర్లు తీయసాగినది. పనిముట్టు ఉక్కును తాకగానే శబ్దం బరువుగా ఉన్నదని ఆయన చెవి పసిగట్టినది. వెంటనే ఫీడ్ హోల్డ్ నొక్కినారు. అయినను అప్పటికే గాడి పడినది. ఆ గాడి పోవాలంటే చక్రాన్నంతా ఆ లోతుకు దింపాలి, జత చక్రాన్నీ దింపాలి. రెండు చక్రాలలోనూ మూడేసి మిల్లీమీటర్ల మంచి ఉక్కు తుక్కుగా రాలిపోయినది.

సాయంత్రానికి ఆయన చేతికి మెమో అందినది. అజాగ్రత్త వలన రైల్వే ఆస్తికి నష్టం కలిగించినారని అందులో ఉన్నది. తెర మారినదన్న మాట మాత్రం అందులో ఎక్కడా లేదు.

మిత్రులారా, కొత్తగా చేరిన అప్రెంటిస్ ఆ పొరపాటు చేసి ఉండడు. వాడు ప్రతి గడినీ చదివి అంకె వేస్తాడు. అనుభవజ్ఞుడు చదవడు. చదవనవసరం లేకపోవడమే అనుభవం. మన ఇంట్లో చీకటిలో లేచి, దీపం స్విచ్చిని తడుముకోకుండా వేస్తాము గదా. ఒకరాత్రి ఎవరో దానిని అవతలి గోడకు మార్చినారనుకోండి. ఇంటివాడే గోడకు కొట్టుకుంటాడు. అతిథి ముందుగానే జాగ్రత్తగా నడుస్తాడు.

చేతికి దారి తెలిసినపుడు కన్నూ చెవీ ఖాళీ అవుతాయి. ఆ ఖాళీయే పనికి కాపలా. రాలే తుక్కు రంగు, కోత శబ్దం, యంత్రపు వణుకు, ఇవన్నీ గమనించేది ఆ కన్నూ చెవీ. తెర మార్చిననాడు ఆ కాపలాదారును పని దగ్గరనుండి లాగి, గుర్తులు వెదకడానికి పంపుతున్నాము. పని ఆలస్యం కావడం చిన్న నష్టం. కాపలా పోవడమే పెద్ద నష్టం.

ఇది మా ఒక్క షాపు గొడవ కాదు. యంత్రాలకు ప్రోగ్రాములు తయారుచేయడానికి అనేక దేశాలలో వాడే మాస్టర్‌క్యామ్ సంగతే చూడండి. దాని పాత 9వ వెర్షనులో సి, ఎల్, ఇ అనే మూడు అక్షరాలు వరుసగా నొక్కితే రెండు కొనల మధ్య గీత గీయవచ్చును. పాతకాపులు తెర చూడకుండానే ఆ పని చేసేవారు. ఎక్స్ అనే పేరుతో వచ్చిన తరువాతి వెర్షను ఆ మెనూను తీసివేసి బొమ్మల పట్టీలను పెట్టినది. 2017 వెర్షనులో ఆ పట్టీలు కూడా పోయి రిబ్బను వచ్చినది. ఒక పుష్కరకాలంలో రెండుసార్లు పనివారి వ్రేళ్ళు తిరిగి ఓనమాలు దిద్దుకోవలసి వచ్చినది.

సాంకేతిక విద్య అన్నాక మారక తప్పదని అంటారు. నిజమే, కాని అన్నీ మారనవసరం లేదు. యంత్రానికి ఆజ్ఞలిచ్చే జి-కోడ్ భాషకు 1982లో ఐ.ఎస్.ఓ. 6983 అనే అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడినది. జి01 అంటే నాడూ నేడూ సరళరేఖలో కోతయే. యంత్రాలు ఎంతో మారినా ఆ మాట మారలేదు. నిలుపదలచినదానిని నిలుపవచ్చునని దీనివలన తెలుస్తున్నది. భాష నిలిచినది గాని, మనిషి చేయి పెట్టే చోటు నిలువలేదు.

దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1940 దశకం చివర అమెరికాలో యంత్రాలను స్వయంచాలకం చేయడానికి ఒక పద్ధతి తయారైనది. నిపుణుడైన కార్మికుడు మొదటి వస్తువును తన చేతితో చేస్తాడు. ఆ కదలికలన్నీ అయస్కాంతపు టేపుపై నమోదవుతాయి. తరువాత యంత్రం వాటినే తిరిగి చేస్తుంది. కార్మికుని నైపుణ్యమే దానికి మూలం. రెండవ పద్ధతిలో కదలికలను ఆఫీసులో అంకెలుగా లెక్కకట్టి యంత్రానికి అందిస్తారు. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ దీనిని ప్రదర్శించినది. ఈ రెండవదే రాజ్యమేలినది. పనిపై అదుపు షాపునుండి ఆఫీసుకు తరలడం ఇందుకు ఒక ముఖ్యకారణమని చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో ప్రచురించిన గ్రంథంలో వాదించినాడు. తెరను రూపొందించేవారు టర్నర్‌ను అడగకపోవడం ఆనాటి నుండి వస్తున్న అలవాటే.

నన్ను అపార్థం చేసుకోవద్దు. నేను కొత్తదానికి శత్రువును కాను. కోతకు ముందే పనిముట్టు దారిని తెరపై బొమ్మగా చూపే సౌకర్యం వచ్చినది. దానివలన ఎన్నో ప్రమాదాలు తప్పినవి. దానిని తీసివేస్తామంటే మొదట అడ్డుపడేవాడిని నేనే. మన అభ్యంతరం మార్పు మీద కాదు. చెప్పకుండా మార్చడం మీద, మార్చినవాడు తప్పుకొని వాడినవాడిని శిక్షించడం మీద.

తపాలా సోదరులకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. 2025లో దేశమంతటా పోస్టాఫీసులు కొత్త అప్లికేషనుకు మారినవి. కౌంటరులోనున్న ఉద్యోగి ఎదుట క్యూ ఉంటుంది, క్యాషు పెట్టె ఉంటుంది. గడి మారి, అంకె తప్పితే లెక్క తక్కువైన సొమ్ము ఎవరి జేబునుండి పోతుందో మీకు తెలుసు. మా చక్రమూ, మీ క్యాషు పెట్టె ఒకే ప్రశ్న వేస్తున్నాయి.

చట్టం మనకేమి ఇచ్చినది? 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9-ఎ సెక్షను, కొన్ని సర్వీసు షరతులు మార్చేముందు 21 రోజుల నోటీసు ఇవ్వాలన్నది. అయితే పని పద్ధతిలో మార్పు విషయానికి వస్తే, ఉద్యోగాల తొలగింపుకు దారితీయగల మార్పులనే అది లెక్కలోకి తీసుకున్నది. పైగా రైల్వే ఎస్టాబ్లిష్‌మెంటు కోడు, ఫండమెంటల్ రూల్సు వర్తించేవారికి ఆ నోటీసు అక్కరలేదని అందులోనే మినహాయింపు ఉన్నది. అనగా ఈ గదిలో కూర్చున్న మనకే! 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల స్మృతి వచ్చినది. అందులోనూ 21 రోజుల మాట ఉన్నది గాని, తెర మార్పు అన్న మాట లేదు. కాబట్టి మన హక్కును మనమే సంప్రదింపులలో సాధించుకోవాలి. రైల్వేలో 1952 నుండి పి.ఎన్.ఎం., కేంద్ర ఉద్యోగులకు 1966 నుండి జె.సి.ఎం. ఉన్నవి. వేదిక లేదన్న సాకు మనకు లేదు.

ఇది సాధ్యమేనా అని అడిగేవారికి నార్వే ఉదాహరణ చెబుతాను. 1970 దశకం ఆరంభంలో అక్కడి ఇనుము, లోహ కార్మిక సంఘం క్రిస్టెన్ నైగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తతో కలిసి, తమ కర్మాగారాలలోకి వస్తున్న కంప్యూటర్ పద్ధతులను తామే అధ్యయనం చేసినది. ఫలితంగా యాజమాన్యాలతో ఒప్పందాలు కుదిరినవి. 1975లో దేశవ్యాప్త ఒప్పందం వచ్చినది. కొత్త పద్ధతి గురించి కార్మికులకు ముందుగా, వారికి అర్థమయ్యే భాషలో తెలుపవలసిన బాధ్యత యాజమాన్యంపై పడినది. ఆ విషయాలు చూసేందుకు కార్మికులు తమ ప్రతినిధిని ఎన్నుకునే హక్కు పొందినారు. అర్ధశతాబ్దం క్రితం లోహ కార్మికులు సాధించినది మనం నేడు అడగడం అత్యాశ కాదు.

ప్రతి శాఖ చేపట్టవలసిన కోర్కెలను ఐదింటిగా మీ ముందుంచుతున్నాను.

1. యంత్రం, కౌంటరు తెరలలో మార్పు చేసేముందు లిఖితపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. ఏది ఎక్కడికి మారినదో ఒక పేజీలో, స్థానిక భాషలో తెలపాలి.

2. మార్పును ఖరారు చేయకముందే ఆ పని చేసే అనుభవజ్ఞులచేత పరీక్ష చేయించి, వారి అభిప్రాయం నమోదు చేయాలి.

3. శిక్షణ డ్యూటీ వేళల్లోనే జరగాలి. నేర్చుకునే రోజులలో ఔట్‌టర్న్ లెక్క సడలించాలి.

4. కొంతకాలం పాత తెరకు తిరిగి వెళ్ళే వీలు ఉంచాలి.

5. మార్పు జరిగిన తొలి నెలలలో జరిగే పొరపాటుకు మెమోగాని, రికవరీగాని ఉండరాదు. ముందు తెరను విచారించాలి, తరువాత మనిషిని.

మా పెద్ద టర్నర్ సంగతి చెప్పి ముగిస్తాను. శాఖ తరఫున మేము పాత తెర ఫోటోనూ, కొత్త తెర ఫోటోనూ పక్కపక్కన పెట్టి అధికారికి చూపినాము. వారం తరువాత మెమో ఉపసంహరించబడినది. కాని తెర అలాగే ఉన్నది. ఆ గడి పక్కన మా పెద్దాయన అట్టముక్కపై స్వహస్తాలతో వ్రాసి అంటించినారు: "ఇది వ్యాసార్థం. సగమే వేయండి." ఇంతవరకు మరొక చక్రం పాడుకాలేదు. ఆ అట్టముక్క విలువ చేసే మాట ఆ సాఫ్ట్‌వేరు చేసినవారికి ముందే చెప్పగలవాడు మా షాపులో ఉన్నాడు. అతనిని ఎవరూ అడగలేదు.

ఇకముందు అడగక తప్పని పరిస్థితి తీసుకురావడమే మన పని. కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!