పంపిణీలో మరువబడినవారు



అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చూడండి. యెరూషలేము సంఘములో సణుగు పుట్టింది ఆహారము లేదని కాదు. పంపిణీలో కొందరు విధవరాండ్రు మరువబడుచున్నారని.

నేటి లోకమూ అంతే. 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారము వృథా అయ్యింది. 2024లో సుమారు 67 కోట్లమంది ఆకలి అనుభవించారని ఐక్యరాజ్యసమితి అంచనా.

మన రాష్ట్రములో 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టము చాలామంది పేదలకు తలకు నెలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా చేసింది. 2023 నుండి అది ఉచితము. అయినా కూలిపనితో వేళ్లు అరిగిన ఒక అవ్వ, రేషను డిపోలో యంత్రముపై వేలిముద్ర పడక ఖాళీ సంచితో తిరిగి వచ్చింది. బియ్యము డిపోలో ఉన్నది, ఆమె కుండలో లేదు. నేను ఆమె కొరకు ప్రార్థించాను గాని, ఆమెతో డిపోకు వెళ్లలేదు. ఇది నా ఒప్పుకోలు.

అపొస్తలులు ప్రార్థన మానలేదు. అయినా ఆహారము పంచే పనికి ఏడుగురిని నియమించారు. రావికమతములోనైనా, మీరున్న ఊరిలోనైనా, ఈ నెల ఎవరి సంచి ఖాళీగా తిరిగి వచ్చినదో విచారించండి. వారికి తోడుగా వెళ్లండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.