విలాపానికీ ఆరాధనలో చోటుంది

 

ఈ సదస్సుకు ఎంచుకున్న ‘క్రైస్తవ సాహిత్యంలో విలాపం’ అన్న అంశం మనకు అవసరమైనదే. మన కూడికల్లో సాక్ష్యానికి సమయం ఉంటుంది, మొరకు ఉండదు. జబ్బు నయమైనవాడు మైకు దగ్గరికొస్తాడు. నయం కాక పోయినవాడి భార్య వెనక వరుసలో కూర్చుంటుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి “ఎందుకు ప్రభువా?” అంటే, “అలా అనకూడదమ్మా, దేవుని చిత్తం” అని సర్దిచెబుతాం. బైబిలు ఆమెకు అలా అడ్డు చెప్పదు. దుఃఖాన్నీ నిలదీతనూ దేవుని దగ్గరికే తెచ్చుకోవడం విశ్వాసం చేసే పనేనని నా మనవి.

150 కీర్తనలను రకాలుగా విడదీస్తే విలాపాలే ఎక్కువ. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే దావీదు ఎన్నాళ్లని నాలుగుసార్లు అడుగుతాడు. చాలా విలాపాలు చివరికి నమ్మకం వైపు మళ్లుతాయి. 88వ కీర్తన మళ్లదు; చీకట్లోనే ముగుస్తుంది. అయినా దాని పైన ప్రధానగాయకునికి అప్పగించినట్టు రాసి ఉంది. అంటే జవాబు దొరకని ఆ ఏడుపు కూడా సమాజం కలిసి పాడుకోవలసిన పాటే. సిలువ మీద యేసు అడిగిన ప్రశ్న సైతం 22వ కీర్తన మొదటి మాటే.

యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాటలేకుండా అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు విప్పాక ముగ్గురూ దేవుణ్ణి గురించి ఉపన్యాసాలిచ్చారు. ఒక్కరూ దేవునితో మాట్లాడలేదు. యోబు మాత్రం స్నేహితులతో వాదిస్తూనే మధ్యమధ్య దేవుని వైపు తిరిగి వ్యాజ్యమాడాడు. చివర దేవుడు కోపగించింది దేవుని పక్షాన వాదించిన స్నేహితుల మీద! యోబు పలికిందే యుక్తమన్నాడు. అయితే అతని కష్టాలకు కారణం మాత్రం చెప్పలేదు. పరలోకంలో సాతానుతో జరిగిన సంభాషణ పాఠకులమైన మనకు తెలుసు, యోబుకు తెలియదు.

రచయితలు విలాపవాక్యముల గ్రంథాన్ని ప్రత్యేకంగా చదవాలి. బబులోను సైన్యం యెరూషలేమును కూల్చాక పుట్టిన ఈ అయిదు అధ్యాయాల్లో మొదటి నాలుగూ 22 హెబ్రీ అక్షరాల వరుసలో నడుస్తాయి. మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి వచనాలు, మొత్తం 66. అయిదో అధ్యాయంలో 22 వచనాలున్నా అక్షరాల వరుస లేదు. గుండె పగిలినవాడు కూడా శిల్పాన్ని వదల్లేదు. ఆఖరికి శిల్పమే అతని చేయి జారినట్టుంది.

“ఇది సణుగుడు కాదా? అరణ్యంలో సణిగినవాళ్లు శిక్ష పొందలేదా?” అని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. సంఖ్యాకాండంలో ఇశ్రాయేలీయులు తమలో తాము మాట్లాడుకుని, వేరే నాయకుణ్ణి పెట్టుకుని ఐగుప్తుకు తిరిగిపోదామనుకున్నారు. కీర్తనకారుడు ఎక్కడికీ పోడు. ఎవరి మీద ఫిర్యాదో ఆయన దగ్గరే నిలబడతాడు. సణుగుడికీ మొరకూ తేడా అక్కడుంది.

తెలుగులో ఈ నిలదీతకు గొప్ప వారసత్వం ఉంది. క్రైస్తవుడైన జాషువా 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లో, అంటరానితనం బాధను కాశీ విశ్వేశ్వరుడికి విన్నవించమని ఒక దళితుడు గబ్బిలాన్ని పంపుతాడు. వ్యక్తి దుఃఖంతో పాటు కులం పెట్టిన దుఃఖాన్నీ దేవుని ముందు పెట్టవచ్చని మన సంఘాలు ఆ కావ్యం నుంచి నేర్చుకోవచ్చు.

కీర్తనలు రాసేవారికి నాదొక్కటే విన్నపం: జవాబు దొరికాకే పాట రాయాలని ఆగకండి. కాపరులకు మరొకటి: ఆదరణ కూడికలో ప్రసంగం కుదించి, ఒక విలాప కీర్తన చివరిదాకా చదివించండి. పత్రసమర్పకులు మన పాటల పుస్తకాల్లో విలాపానికి ఎంత చోటుందో, ఎందుకు తగ్గిందో తేల్చాలి. ఆ చర్చకు మిమ్మల్ని ఆహ్వానిస్తూ సెలవు తీసుకుంటున్నాను.