నడత దిద్దే హక్కు ఎవరిది?

(మండల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేము మాట్లాడబోయేది అమెరికాలో పుట్టిన ఒక వృత్తి గురించి. "మన బాధలు మనకుంటే అమెరికా గొడవ ఎందుకయ్యా" అని వెనక కూర్చున్న పెద్దాయన ఇందాకే అన్నాడు. అడగాల్సిన మాటే. మన పల్లెల్లోంచి చదువుకుని అక్కడికి పోయినవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లల్లో మాట ఆలస్యమైనవాళ్ళనీ, ఆటిజం ఉన్నవాళ్ళనీ ఈ వృత్తివాళ్ళ దగ్గరికే పంపుతున్నారు. అదే పద్ధతి మన పట్నాల్లోని సెంటర్లకూ వచ్చింది. అందుకని కాస్త ఓపిగ్గా వినండి.

ఆ వృత్తి పేరు బిహేవియర్ ఎనాలిసిస్. మనిషి నడతని గమనించి, లెక్కగట్టి, మార్చే శాస్త్రం. దాని మూలసూత్రం మన అమ్మలకి తెలియంది కాదు. అంగడి ముందు పిల్లాడు ఏడుస్తాడు, నోట్లో బెల్లంముక్క పెడతాం, రేపు మళ్ళీ అక్కడే ఏడుస్తాడు. ఒక పని చేశాక ఏం దొరుకుతుందో దాన్నిబట్టి ఆ పని పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. స్కిన్నర్ అనే ఆయన ఎలుకల మీద ప్రయోగాలు చేసి 1938లో పుస్తకం రాశాడు. 1960ల్లో అది బళ్ళకీ, ఆసుపత్రులకీ వచ్చింది. మేము ఆ శాస్త్రాన్ని తిట్టటానికి రాలేదు. దానివల్ల మాట నేర్చిన పిల్లలున్నారు, తమ అన్నం తాము తినటం నేర్చినవాళ్ళున్నారు. మా ప్రశ్న వేరే. ఏ నడత మంచిది, ఏది దిద్దాలి అని తేల్చేది ఎవరు?

1968లో ఈ వృత్తికి సొంత పత్రిక పుట్టింది. మొదటి సంచికలో మొదటి వ్యాసం కాన్సాస్ సిటీ నుంచి వచ్చింది. అక్కడ జూనిపర్ గార్డెన్స్ అని పేద నల్లవాళ్ళ పేట ఉంది. కాన్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1960ల మధ్యలో ఆ పేటవాళ్ళతో కలిసి పని మొదలుపెట్టారు. టీచరు అల్లరిని వదిలేసి, చదివేటప్పుడు పిల్లాణ్ణి పలకరిస్తే చదువు మీద ధ్యాస పెరుగుతుందని ఆ వ్యాసంలో చూపించారు. రాసిన ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు. మంచి పనే. అయితే ఐదేళ్ళు తిరక్కముందే, 1972లో, అదే పత్రికలో ఇద్దరు పరిశోధకులు అసలు నిజం బయటపెట్టారు. మీరు బళ్ళలో పిల్లలకి నేర్పేదల్లా కదలకుండా, నోరెత్తకుండా, అణిగిమణిగి ఉండటమే గదా అని నిలదీశారు. అణిగిమణిగి ఉండటం అంటే ఏంటో ఇక్కడ కూర్చున్నవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇంకా రెండేళ్ళకి, 1974లో, ఆ పత్రికలోనే ఒక వ్యాసం వచ్చింది. ఐదేళ్ళు కూడా నిండని పిల్లాడు ఆడపిల్లల బట్టలు, బొమ్మలు ఇష్టపడతాడు. రెకర్స్, లోవాస్ అనే ఇద్దరు ఆ పిల్లాణ్ణి 'మగాడిలా' దిద్దారు. బొమ్మతో ఆడితే అమ్మ మొహం తిప్పుకోవాలి, తుపాకీ పడితే నవ్వి మాట్లాడాలి. ఇంట్లో ఎర్ర బిళ్ళలు పోగైతే నాన్న చేతి దెబ్బలు. అమ్మ చెవికి యంత్రం తగిలించి ఎప్పుడు మొహం తిప్పాలో పక్కగదిలోంచి చెప్పారు. ఆలోచించండి. బిడ్డ తన కోసం చెయ్యి చాపుతుంటే చూడనట్టు కూర్చోవటం తల్లికి ఎంత కష్టం! ఆ వ్యాసం తప్పు మీద పత్రిక ఆందోళన ప్రకటించింది 2020లో. నలభై ఆరేళ్ళు పట్టింది. అప్పటికి సంపాదకురాలి కుర్చీలో ఒక ఆడమనిషి ఉంది. ఆడమనిషి కూర్చుంటే చాలు అన్నీ మారతాయని మేము చెప్పం. కానీ పత్రిక ఆ మాట అనటానికి నలభై ఆరేళ్ళు పట్టిందంటే ఆ బల్ల చుట్టూ ఎవరెవరు లేరో అడగాలి గదా.

ఇక లెక్కల్లోకి వద్దాం. ఈ వృత్తికి సర్టిఫికెట్లిచ్చే బోర్డు 1998లో ఏర్పడింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళలో పదిమందికి ఎనిమిది మంది పైనే ఆడవాళ్ళు. అబ్బో, ఆడవాళ్ళ రాజ్యం అనుకునేరు! పత్రికల్లో ఆడవాళ్ళ రాతలు ఏటేటా పెరిగినా, ఏది అచ్చెయ్యాలో తేల్చే సంపాదక వర్గాల్లో ఆ పాటి పెరుగుదల లేదని 2000లో అచ్చయిన ఒక పరిశీలన చూపించింది. అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రం చెప్పే ఆడ ప్రొఫెసర్లకి మగ ప్రొఫెసర్ల కన్నా జీతం తక్కువని 2019లో ఇంకో పరిశీలన వచ్చింది. నాట్లు వేసే చోట ఆడవాళ్ళు, ధాన్యం కొలిచే చోట మగవాళ్ళు. మన కళ్ళం కథే.

ఇందులో మెట్లున్నాయి. అడుగు మెట్టు టెక్నీషియన్. పదో తరగతి దాటి మన ఇంటర్ పాటి చదువు, నలభై గంటల శిక్షణ, ఒక పరీక్ష. రోజంతా పిల్లాడి పక్కన కూర్చునేది, కొరికించుకునేది, రక్కించుకునేది ఈ మనిషే. పై మెట్టు ఎనలిస్ట్. ఎమ్మే చదువు కావాలి. ఏం నేర్పాలో కాగితం మీద రాసేది ఈ మనిషి. నల్లవాళ్ళు అడుగు మెట్టున ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా కనపడతారు. పై మెట్టున అత్యధికులు తెల్లవాళ్ళే. చేతులు ఒకరివి, కలం ఒకరిది.

కలం పట్టినవాళ్ళది ఒకే రకం ఇల్లయితే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాం. పాత పాఠాల్లో మొట్టమొదటివి రెండు: 'కూర్చో', 'నా మొహంలోకి చూడు'. చూస్తే మిఠాయి. చూడకపోతే ఆ పిల్లాడిలో లోపం. ఇప్పుడు మన సంగతి చూడండి. చెప్పులు చేతబట్టుకుని పెద్దూరి వీధిలో తలొంచుకు నడిచిన తరం ఇంకా మన మధ్యే ఉంది. కామందు మొహంలోకి చూస్తే పొగరన్నారు, కొట్టారు. 'తల దించుకోరా' అని మన అమ్మలు నేర్పింది బిడ్డని దెబ్బల్నుంచి కాపాడుకోటానికే. ఒకచోట చూస్తే తప్పు, ఒకచోట చూడకపోతే తప్పు. రెండుచోట్లా హుకుం జారీ చేసేవాడు మాత్రం ఆ పిల్లాడు కాడు, వాళ్ళమ్మా కాదు. ఆటిజంతో పెరిగి పెద్దయినవాళ్ళు ఇప్పుడు సొంత గొంతుతో చెబుతున్నారు. కళ్ళలోకి చూడమని బలవంతపెడితే మాకు నొప్పిగా ఉండేది, చూస్తూ వినటం మా వల్ల కాదు అంటున్నారు. ఇన్నేళ్ళూ వాళ్ళని అడిగిన నాథుడు లేడు.

భాష సంగతీ అంతే. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లాడికి తికమక అని వలసపోయిన కుటుంబాలకి చాలాచోట్ల సలహా ఇచ్చారు. రెండు భాషలు వింటే ఆటిజం పిల్లలకి చేటని పరిశోధనల్లో తేలలేదు. ఆ సలహా పాటించిన ఇంట్లో ఏమైందంటే, ఇంగ్లీషు రాని నాయనమ్మ మనవడి ముందు మూగదైపోయింది.

కొంత మార్పు వచ్చింది, దాచం. 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చిన వాళ్ళ నీతి నియమావళిలో ఎదుటివాళ్ళ సంస్కృతిని తెలుసుకుని మసలాలని, వివక్ష చూపకూడదని రాసుకున్నారు. నల్లజాతి ఎనలిస్టులు సొంత సంఘం పెట్టుకున్నారు. అడగనిదే ఎవరూ రాయలేదు.

కానీ వాళ్ళ వైవిధ్యం లెక్కలో మనకో చిక్కుంది. ఆ లెక్కలో జాతి ఉంటుంది, ఆడా మగా ఉంటుంది. కులం ఉండదు. మన దేశం నుంచి పోయినవాళ్ళంతా 'ఆసియా' గడిలో పడతారు. కమ్మ, రెడ్డి, బ్రాహ్మణ, మాల, మాదిగ అందరికీ ఒకటే గడి. ఆ గడి నిండితే వైవిధ్యం వచ్చేసిందని సంబరం. ఎవరితో నిండిందో అడిగేవాళ్ళు లేరు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది, కులం అక్కడికీ పోయిందని ఒప్పుకున్నట్టే. ఈ వృత్తి లెక్కల కాగితం మీదికి మాత్రం అది ఇంకా ఎక్కలేదు.

మరో దెబ్బ. 2023 నుంచి ఆ బోర్డు ప్రపంచంలో చాలా దేశాలవాళ్ళ కొత్త దరఖాస్తులు తీసుకోవటం మానేసింది. మన దేశమూ అందులో ఉంది. ఏ దేశం నియమాలు ఆ దేశమే పెట్టుకోవాలన్నది వాళ్ళ వాదన. వినటానికి బాగానే ఉంది. పద్ధతి ప్రపంచమంతా పాకాక తలుపేస్తే, అప్పటికే డబ్బుండి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళే ఇక్కడ పెద్దలయ్యారు. మన ఆడపిల్లలు వాళ్ళ కింద చాకిరీకి మిగిలారు.

ఇక ఇక్కడి పని. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వచ్చే తరగతి లోపల మీ మండలంలో దానికి పోయి రండి. ఆయా ఎవరి బిడ్డ, జీతమెంత, ఎన్నాళ్ళకోసారి వస్తుంది? పిల్లాడికి ఏం నేర్పాలో రాసేటప్పుడు వాళ్ళమ్మని పిలిచారా, ఆమె చెప్పింది కాగితం మీద ఎక్కిందా? అక్కడున్న టీచరమ్మతో పోట్లాట పెట్టుకోవద్దు, ఆమెది కూడా కాంట్రాక్టు ఉద్యోగమే. అడిగింది అడిగినట్టు రాసుకుని పట్టుకురండి.