మా రాజమండ్రి గ్యాలరీ నాకేమిచ్చింది? దామెర్ల రామారావు కథ

పోయిన ఎపిసోడ్‌లో నా వెనక గోడకి అతికించిన వాటర్‌కలర్ బొమ్మలు చూసి చాలామంది ఒకటే అడిగారు: "అవి మీరు వేసినవేనా? ఏ కోర్స్ చేశారు?" నేనే వేశానండీ. కోర్సులేమీ చేయలేదు. ఇంకొందరు సూటిగానే అడిగారు: "బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి, మళ్లీ పైసా రాని ఈ బొమ్మలెందుకు?" మా ఇంట్లో పెద్దనాన్న కూడా ప్రతి సంక్రాంతికీ ఇదే అడుగుతారు. కాబట్టి ఇవాళ అందరికీ కలిపి ఒకేసారి జవాబు చెప్పేస్తా.

జవాబు రాజమండ్రిలో, గోదావరి గట్టుకి దగ్గర్లో ఉంది. దాని పేరు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. మా ఊరి వాళ్లలో కూడా చాలామంది దాని ముందు నుంచి పోతారు గానీ లోపలికి వెళ్లరు. అందుకే ముందు ఆ పేరున్న మనిషి గురించి చెప్తా.

దామెర్ల రామారావు గారు 1897లో రాజమండ్రిలో పుట్టారు. అదే ఏడు గోదావరి మీద హేవలాక్ బ్రిడ్జి పని మొదలైంది. కుర్రాడికి క్లాసు పాఠాల కంటే బొమ్మల మీదే ధ్యాస. అప్పట్లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన. ఆయన కూడా బొమ్మలు వేస్తారు, రాస్తారు. 'నారాయణరావు' నవల రాసిన అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యుడే. రామారావు చేతిలో ఉన్న పనితనం కనిపెట్టి, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివే దారి చూపించింది కూల్డ్రే గారే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. బొంబాయిలో అంత పెద్ద స్కూల్లో చదివినవాడు ఏం చేయొచ్చు? మనలాగే, అక్కడే సెటిల్ అయిపోవచ్చు. ఆయన తిరిగి రాజమండ్రి వచ్చేశారు. ఇక్కడే చిత్రకళాశాల పెట్టారు, తనకొచ్చింది కుర్రాళ్లకి నేర్పారు. ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే. ఆ కాలంలో ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు కుంచె పట్టారంటే ఆ ఇల్లు ఎలా ఉండేదో ఊహించుకోండి.

1925 ఫిబ్రవరిలో రామారావు గారు మశూచితో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 27. నాకిప్పుడు 28. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు చాలాసేపు మాట రాలేదు. మనం 27 ఏళ్లకి రెండో కంపెనీ మారి, హైక్ ఎంత వచ్చిందో మాట్లాడుకుంటూ ఉంటాం. ఆయన అప్పటికే వేయాల్సినవి వేసేసి వెళ్లిపోయారు.

ఆ బొమ్మల గతి ఏమిటి? నిజానికి నాకు ఇదే అసలు కథ. ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి అమ్మేసి ఉంటే అవి ఎవరెవరి హాళ్లలోనో వేలాడేవి. మనకి పాత పుస్తకాల్లో అగ్గిపెట్టెంత ప్రింటు మాత్రం దొరికేది. అలా జరగలేదు. సత్యవాణి గారు, ఆయన మిత్రుడు వరదా వెంకటరత్నం గారు, ఇంకొందరు కలిసి వాటిని ఒకచోట ఉంచారు. వెంకటరత్నం గారు స్కూలునీ గ్యాలరీనీ ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. వాళ్లు అలా చేయబట్టే, వందేళ్ల తర్వాత రాజమండ్రిలో ఒక స్కూలు పిల్లాడు సైకిలేసుకుని వెళ్లి అసలు బొమ్మ ముందు నిలబడగలుగుతున్నాడు.

నేనూ అలా వెళ్లినవాణ్నే. ఏడో తరగతిలో మొదలుపెట్టి, ఇంటర్‌లో, బీటెక్ సెలవుల్లో, ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఇంటికెళ్లినప్పుడల్లా వెళ్తూనే ఉన్నా. అక్కడ నాకు దొరికినవి మూడు.

మొదటిది, దేన్ని గీయొచ్చు అనేది. స్కూల్ డ్రాయింగ్ పోటీల్లో మనమంతా ఏం గీసేవాళ్లం? రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. రాజమండ్రిలో ఉన్నా సరే, గోదావరిని చూసి గీసినవాడు లేడు. గ్యాలరీలో మన మనుషులు, మన కట్టూబొట్టూ కనిపిస్తే, ఓహో, ఇవి కూడా బొమ్మకి పనికొస్తాయా అనిపించింది. మర్నాడే రేవుకెళ్లి, మెట్ల మీద ఆరేసిన చీరలు గీశా. నా గోడ మీద ఇప్పుడున్నవి కూడా అలాంటివే. పంటు ఎక్కే జనం, టీ బండి, మా మెస్ ఆంటీ పప్పు గిన్నె.

రెండోది, అసలు బొమ్మకీ ఫోన్లో బొమ్మకీ ఉన్న తేడా. ఫోన్లో ఏ బొమ్మైనా ఆరంగుళాలే. రంగులన్నీ మెరుస్తూ ఉంటాయి. రామారావు గారు నీటిరంగుల్లో ఎక్కువ పనిచేశారు. నీటిరంగు బొమ్మని దగ్గరగా చూస్తే కాగితం గరుకు కనపడుతుంది. రంగు ఎక్కడ ఆరిందో, దాని మీద ఇంకో పూత ఎక్కడ పడిందో కనపడుతుంది. పల్చటి నీటిరంగులో కంట్రోల్ జెడ్ ఉండదండీ. తెలుపు కావాలంటే కాగితాన్ని ముందే వదిలేయాలి. లేత రంగు ముందు, ముదురు తర్వాత. ముదురు ఒకసారి పడిందంటే అంతే సంగతులు. అంటే ముందే ఆలోచించాలి, తడి ఆరేదాకా ఆగాలి. ఈ ఆగడం నాకు ఏ యూట్యూబ్ ట్యుటోరియల్లోనూ దొరకలేదు, ఎందుకంటే అక్కడ ఆరే టైమంతా కట్ చేసేస్తారు.

మూడోది అన్నిటికంటే పెద్దది. మళ్లీ మళ్లీ వెళ్లగలగడం. ఆయన బొమ్మల్లో 'పుష్పాలంకరణ' బాగా పేరున్నది. ఏడో తరగతిలో దాన్ని చూసి, ముఖాలు బాగున్నాయి అనుకున్నా. ఇంటర్‌లో చేతుల్ని చూడటం మొదలుపెట్టా. చేతులు గీయడం ఎంత కష్టమో అప్పటికి నాకు తెలిసింది మరి. ఇప్పుడు వెళ్తే, ఏది గీయకుండా వదిలేశారా అని వెతుకుతా. బొమ్మ అదే, గోడ అదే. నా కన్ను ఎంత ఎదిగిందో కొలుచుకోవడానికి అదొక గీత. చిన్నప్పుడు తలుపు చెక్క మీద అమ్మ మన ఎత్తు గీత గీసేది కదా, అలాగ. ఢిల్లీలోనో పారిస్‌లోనో ఎంత గొప్ప మ్యూజియం ఉన్నా, జీవితంలో ఒక్కసారి వెళ్లేచోట ఆ గీత పడదు. సొంతూళ్లో ఉన్న చిన్న గ్యాలరీలోనే పడుతుంది.

ఇప్పుడు పెద్దనాన్న ప్రశ్నకి వద్దాం. డబ్బు రాదు కదా, ఎందుకు? నిజమే, రాదు. నేను ఆర్టిస్టుని కాను, అవుతానని కూడా అనుకోవట్లేదు. కానీ జాబ్‌లో ఉన్నన్నాళ్లూ నేను చేసిన ప్రతి పనికీ ఒక డెడ్‌లైన్, ఒక రివ్యూ, ఒక రేటింగ్. ఆదివారం పొద్దున రెండు గంటలు నేను చూసేదానికి మాత్రం ఏ రేటింగూ లేదు. ఒక గిన్నెని గంటసేపు చూసి గీస్తే, ఆ గిన్నె మీద వెలుగు ఎటు నుంచి పడుతుందో తెలుస్తుంది. అంతే. నాకు అది చాలు.

ఒక భయం కూడా చెప్పాలి. కాగితం మీది నీటిరంగు చాలా సున్నితం. వెలుగుకి రంగు వెలుస్తుంది, వెలిసింది మళ్లీ రాదు. అందుకే మ్యూజియంలలో ఇలాంటి బొమ్మల మీద వెలుగు సుమారు 50 లక్స్ దాటనివ్వకూడదంటారు. మన ఆఫీసుల్లో 300 నుంచి 500 దాకా ఉంటుంది. నది పక్క ఊళ్లో తేమ ఇంకో శత్రువు, కాగితానికి బూజు పట్టిస్తుంది. వందేళ్ల కాగితాన్ని కాపాడాలంటే ఖర్చుంది, మనుషులు కావాలి. జనమే రాని గ్యాలరీకి అవి కావాలని ఎవరు అడుగుతారు? మనం వెళ్లడమే మనం చేయగలిగిన మొదటి సాయం.

కాబట్టి ఈ వారం మీకో పని. రాజమండ్రి వాళ్లయితే దామెర్ల గ్యాలరీకి వెళ్లండి. హైదరాబాద్ ఐటీ బ్యాచ్‌కి మాదాపూర్‌లోనే స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, ఆఫీసు నుంచి పది పదిహేను నిమిషాలు. బెజవాడ వాళ్లకి బాపు మ్యూజియం. అన్నీ చూసేయాలని పరిగెత్తొద్దు. ఒక్క బొమ్మ ఎంచుకోండి. ఫోన్ జేబులో పెట్టి పది నిమిషాలు దాని ముందు నిలబడండి. మొదటి రెండు నిమిషాలు బోర్ కొడుతుంది, ముందే చెప్తున్నా. ఐదో నిమిషం నుంచి అంతకుముందు కనపడనిది ఏదో కనపడుతుంది. ఇంటికొచ్చి పెన్నుతో, పెన్సిల్‌తో, ఏది దొరికితే దాంతో, గుర్తున్నంత గీయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. ఆరు నెలలాగి మళ్లీ అదే బొమ్మ దగ్గరికి వెళ్లండి.

వచ్చే ఎపిసోడ్‌లో వంద రూపాయల్లోపు వాటర్‌కలర్ కిట్ ఎలా సర్దుకోవాలో చూపిస్తా. అప్పటిదాకా ఉంటానండీ, బై.