కొత్త ఆటగాడెవరు?

ఈ యేటి మన కిన్వట్ తెలుగు బాలుర పోటీలలో నూతన క్రీడాకారుని బహుమతి యెవరి కీయవలెనను వివాదము పుట్టినది. నిరుడు పేరు వ్రాయించుకొని, కాలు విరిగి ఒక్క ఆటయు నాడలేకపోయిన బాలుడు ఇప్పుడు కొత్తవాడా, పాతవాడా?

అమెరికా వృత్తి బాస్కెట్‌బాలులో ఈ ప్రశ్న తీరినదే. బ్లేక్ గ్రిఫిన్ 2009లో జట్టుకు ఎంపికయ్యెను. మోకాటి గాయముచే ఆ యేడు ఆడలేదు. 2011లో నూతన క్రీడాకారుని బహుమానము నందెను. బెన్ సిమ్మన్స్ 2016లో ఎంపికై, పాదము విరిగి యేడాది కూర్చుండి, 2018లో గెలిచెను. పోటీదారుడగు డొనొవన్ మిచెల్ 'కొత్తవాడు' అను మాటకు నిఘంటువులోని అర్థము ముద్రించిన చొక్కా తొడిగి ఆక్షేపించెను. చమత్కారమే గాని ఫలితము మారలేదు. అచట చూచునది ఎంపికైన తేదిని కాదు, ఆడిన ఆటను.

మన ఐ.పి.ఎల్. క్రికెట్టు మరింత ఉదారము. విశాఖ యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి 2023లో హైదరాబాదు పక్షమున రెండాటలాడియు, 2024లో 303 పరుగులు చేసి వర్ధమాన క్రీడాకారుని బహుమతి పొందెను. అచట వయస్సునకును, ఆడిన ఆటల సంఖ్యకును మితి గలదు.

వర్తకులము బోర్డు కట్టిన నాడు గాక, బేరము జరిగిన నాడే పద్దు వ్రాయుదుము. ఆ బాలుడు కొత్తవాడే యని నా యభిప్రాయము. అయితే పేర్లు చూచిన పిదప నియమము వ్రాసినచో పక్షపాతమందురు. కావున ఈ యేటికి ఇద్దరికిని బహుమతి నిత్తము. రెండవదాని ఖర్చు వర్తకులము భరింతుము. వచ్చే యేటి నియమమును పేర్ల నమోదుకు ముందే తెలుగున, మరాఠీలో వ్రాసి అంటింపవలెను.